నేలకు ఆనిన స్పోర్ట్స్ కారు

ఇప్పుడు స్పోర్ట్స్ కారంటే ఏదో తేల్చి చెప్పడం నా వల్ల కాదు. చప్పుడు చెయ్యని బ్యాటరీ బండినీ అలాగే అంటున్నారు, నిచ్చెన వేసుకుని ఎక్కాల్సిన బండినీ అలాగే అంటున్నారు. బసంత్‌నగర్‌లో గుమస్తాగా చేరిన ఆ రోజుల్లో మాత్రం నాకు ఏ సందేహమూ లేదు. ఎంత కిందికి ఉంటే అంత స్పోర్ట్స్ కారు! అందుకే సెకండ్ హ్యాండ్‌లో కొన్న చిన్న కారుకు స్ప్రింగులు కోయించి, సైలెన్సర్ మార్పించి, ఎర్రచారలు వేయించాను. (ఇంజను జోలికి పోలేదు. ఎవరూ అడగనూ లేదు.) "కప్పోలె నేలకు కరుసుకున్నదేందిరా?" అని అక్క నవ్వితే, ఆమెకు కార్ల సంగతి ఏం తెలుసని జాలిపడ్డాను.

గోదావరిఖనిలో అక్క వాళ్లింట్లోనే ఉండేవాణ్ణి. బావ బొగ్గుగనిలో పనిచేసేవాడు. ఒకరోజు పొద్దున ఆయన మొదటి షిఫ్టుకు వెళ్లే బస్సు తప్పిపోయింది. అది ఏడాది ఆఖరు రోజు. గనిలో హాజరును మస్టరంటారు. ప్రమోషన్‌కు బావకు సరిగ్గా ఒక్క మస్టరే తక్కువ. ఆటో కోసం ఆయన పరుగెత్తబోతుంటే నేను తాళంచెవి ఊపాను.

"ఫికర్ చెయ్యకు బావా. స్పోర్ట్స్ కారు ఇది. జల్ది దించుత."

మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని బావ కూర్చున్నాడు. ఊరంతా లేచేలా గర్జిస్తూ గని దారి పట్టాం. అక్కడ స్పీడ్ బ్రేకర్ వచ్చింది. ముందు చక్రాలు దాటాయి, కారు కడుపు దాటలేదు. రాత్రి షిఫ్టు దిగి వస్తున్న కార్మికులు చుట్టూ చేరారు.

"ఏమైందే అన్నా?"

"మా బామ్మర్ది స్పోర్ట్స్ కారు," అన్నాడు బావ గంభీరంగా.

బావతో కలిసి ఆరుగురు దాన్ని ఎత్తి అవతల పెట్టారు. నేను స్టీరింగ్ పట్టుకుని లోపలే ఉన్నాను. (దిగితే బరువు తగ్గుతుందని నాకు తోచలేదు. వాళ్లు మర్యాదస్తులు, చెప్పలేదు.) సైలెన్సర్ మాత్రం రోడ్డు మీదే ఉండిపోయింది. బావ దానివైపు కూడా చూడకుండా, కూరగాయలమ్మే ఒకామె మోపెడ్ ఆపి, "అక్కా, జర గేటు కాడ దించు," అని వంకాయల సంచి ఒళ్లో పెట్టుకుని వెళ్లిపోయాడు.

మెకానిక్ వచ్చి సైలెన్సర్‌ను తీగతో కట్టి పోయాక, ఇంటికి పోవడానికి ముఖం చెల్లక కారును గని గేటు దాకా తెచ్చి అక్కడే కూర్చున్నాను. మధ్యాహ్నం బావ బయటికి వచ్చాడు. నేను లేచి కారు తలుపు తీశాను.

"పడ్డదిరా మస్టర్," అంటూ కారెక్కి, మళ్లీ మోకాళ్లు ముడుచుకున్నాడు. "స్పీడ్ బ్రేకర్ కాడ నేను దిగుత. ఈసారి నువ్వు గూడ దిగు."

ఎండలో ఇద్దరం ఖాళీ కారును ఐమూలగా తోసి దాటించాం. బావ పగలబడి నవ్వుతున్నాడు. నేనేమో, వచ్చే జీతం రాగానే దాన్ని ఇంకో అంగుళం కిందికి దించాలని ఆలోచిస్తున్నాను. అప్పటి నాలోని ఆ మొండివాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. అంత నమ్మకంతో ఆ తర్వాత ఏ బండీ నడపలేదు కాబట్టి, కొంచెం అసూయ కూడా.