మా మిరియం పందెం గెలిచిన వైనం

ఆ రోజుల్లో నేను మంచి కుర్రవాణ్ణి. నవ్వకండి. డెబ్బై దాటినవాడు వెనక్కి తిరిగి చూసుకుంటే, ఉద్యోగం నుంచి రిటైరైన కొత్తలో ఉన్న మనిషి కుర్రవాడిలాగే కనిపిస్తాడు. సీలేరు ప్రాజెక్టులో నౌకరీ ముగించుకుని, చింతపల్లి దగ్గర మా కాఫీ తోటకు తిరిగొచ్చిన ఏడాదే మిరియం మా ఇంట చేరింది. నల్లటి కుక్కపిల్ల. ఎవరడిగినా "వేటకుక్కల వంశం" అని చెప్పేవాణ్ణి. (తల్లి బస్టాండు దగ్గర టీకొట్టు బల్ల కింద పడుకునేది. తండ్రెవరో ఆ తల్లికే తెలియాలి.)

ఏడాది తిరిగేసరికి దాని మీద ఫిర్యాదులు మొదలయ్యాయి. పక్కింటి కోళ్లను పట్టేది కాదు, తినేది కాదు, ఊరికే సరదాకి చెట్లెక్కించేది. పక్కింటావిడతో రోజూ తగువే. చివరికి మా ఆవిడ తీర్పు చెప్పేసింది. "ఇదుంటే నానుండను. మా తమ్ముడు తీసుకుపోయి తోటకాడ గొలుసేసి కట్టుకుంతాడు." గూడెం కొత్తవీధిలో ఉండే మా బావమరిది అప్పటికే గొలుసు కొనుక్కుని సిద్ధంగా ఉన్నాడు. తోటంతా తనదే అనుకుని తిరిగే మిరియాన్ని గొలుసుతో ఊహించుకుంటే నాకు ముద్ద దిగలేదు. (దిగింది గాని, రుచి తెలియలేదు.)

సరిగ్గా అప్పుడే పశువుల డాక్టరమ్మ కాలేజీ మైదానంలో కుక్కలకు పోటీ పెడుతున్నారని తెలిసింది. అడ్డుకర్రల మీంచి దూకాలి, పాతిన వెదురుగడల మధ్య మెలికలు తిరగాలి, చివర సొరంగంలో దూరి బయటికి రావాలి. యజమాని పక్కనే పరిగెత్తుతూ నోటితో చెప్పొచ్చు, చెయ్యి మాత్రం వెయ్యకూడదు. నేను ఛాతీ విరుచుకుని, "గెలిత్తే ఇక్కడే ఉంటాది, ఓడితే మీ తమ్ముణ్ణి తీసుకుపోనీ" అన్నాను.

"సూద్దాంలే. ముందు నువ్వు పరిగెట్టగలవేటి?" అంది మా ఆవిడ.

దానికి కఠోరమైన శిక్షణ ఇచ్చానని ఇప్పటికీ చెప్పుకుంటాను. అసలు జరిగిందేమిటంటే, మిరియాల తీగలు పాకిన సిల్వర్ ఓక్ చెట్ల మధ్య అది ఉడతల్ని తరిమేది, దాని వెనక "శభాష్, అలాగే" అంటూ నేను ఆయాసపడేవాణ్ణి.

పోటీ నాటికి కాఫీ పళ్ల కాలం ముమ్మరంగా ఉంది. అయినా రైతులంతా పళ్లను కళ్లాల్లో ఆరబోసేసి మరీ వచ్చారు. మా ఆవిడ వచ్చింది. బావమరిది వచ్చాడు, భుజాన గొలుసుతో సహా. మాది నాటుకుక్కల వరుస. ఒక కుక్క మొదటి కర్ర దగ్గరే పడుకుంది. ఇంకొకటి నేరుగా పకోడీల బండి దగ్గరికి పోయింది. ఒక ఎర్ర కుక్క మాత్రం ఆఖరిదాకా పరిగెత్తింది, కాకపోతే రెండు కర్రలు పడగొట్టింది. కర్ర పడకుండా, డాక్టరమ్మ గడువు విజిల్ ఊదేలోపల ముగించినవాడిదే గెలుపు.

మా మిరియం గాలిలా దూకింది. వెదురుగడల మధ్య పామై పాకింది. (అక్కడ ఉడత ఉందనుకుని ఉంటుంది.) జనం ఈలలు వేశారు. సొరంగం దగ్గరికి వచ్చి ఠక్కున ఆగిపోయింది. ముందుకాలు పైకెత్తి నిలబడి నావైపు చూసింది. అప్పుడు నాకు వెలిగింది. సొరంగమంటే ఇనుప చువ్వల మీదా నేల మీదా పరిచిన నీలం బరకం, అదే, టార్పాలిన్. మా ఇంట్లో కాఫీ పళ్లు ఆరబోసేది అచ్చం అలాంటి బరకం మీదే. దాని మీద కాలు పెట్టకూడదని మా ఆవిడ చీపురుతో నేర్పింది. ఆ కుక్క జన్మలో నేర్చుకున్న మర్యాద అదొక్కటే!

బతిమాలాను. మోకాళ్ల మీద కూర్చుని దారి చూపించడానికి నేనే తల దూర్చాను. తల పట్టింది గాని పొట్ట ఒప్పుకోలేదు.

"మావా, నువ్వే ఎల్లిపో! ప్రైజు నీకే ఇత్తారు!" అని జనంలోంచి ఎవరో అరిచారు. బావమరిది భుజం మీది గొలుసు చేతిలోకి తీసుకున్నాడు. డాక్టరమ్మ విజిల్ నోట్లో పెట్టుకున్నారు.

"వానొచ్చెత్తంది! బేగి! బేగి!"

మా ఆవిడ గొంతు. మా ఇంట్లో ఆ కేకకు అర్థం ఒకటే. అందరూ పరిగెత్తి ఆరబోసిన పళ్ల మీద ఇంకో బరకం కప్పాలి. ఆ హడావుడిలో మిరియం రెండు బరకాల మధ్యకు దూరినా ఎవరూ చీపురెత్తరు. అది దానికి పండగ. చెవులు నిక్కబొడిచి నా భుజం పక్కనుంచి లోపలికి ఒక్క దూకు దూకింది. నేను తల బయటికి లాక్కునేలోగా అవతలి కొసన తోక ఊపుతోంది.

చప్పట్ల కోసం వెనక్కి తిరిగాను. మైదానంలో మనిషి లేడు! వాన పేరు వినగానే కాఫీ రైతులంతా కుర్చీలు తన్నుకుంటూ జీపుల వైపు పరిగెత్తుతున్నారు. అందరికంటే ముందు మా బావమరిది. ఆకాశంలో వేలెడంత మబ్బు లేదు.

"ఏమైంది? వీళ్లంతా ఎక్కడికండీ?" అని డాక్టరమ్మ తెల్లబోయి, ఖాళీ కుర్చీల ముందే మొదటి బహుమతి మాకు ప్రకటించారు.

"ఏటి, పంపించేత్తానన్నావు కదా?" అన్నాను మా ఆవిడతో.

"పంపిత్తే నాను పంపాల. ఓడిపోయి ఎల్లిపోతే మన తోట పరువేటి కావాల?" అంది. మళ్లీ ఆ ఊసెత్తలేదు. ఇప్పుడు మిరియం కూడా ముసలిదైంది. మా ఆవిడ పాదాల దగ్గర తప్ప నిద్రపోదు.

డాక్టరమ్మ తీసిన ఫోటో గోడ మీద ఉంది. అందులో మా ఆవిడ తల పైకెత్తి ఉంది. తన అబద్ధం మీద తనకే అనుమానమొచ్చి మబ్బులు వెతుకుతోంది. మధ్యలో, కుక్క మెడలో వెయ్యాల్సిన పతకం తన మెళ్లో వేసుకుని, జుట్టు రేగిపోయి, మోకాళ్లు పట్టుకుని ఒక మనిషి పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు. ఆ మోకాళ్ల నొప్పి నా దగ్గర భద్రంగానే ఉంది. ఆ పళ్లు మాత్రం, ఏం చేస్తాం, ఫోటోలోనే మిగిలాయి.