వంద దాటని ఇల్లు

మా బావగారిని పిసినారి అంటే నేనొప్పుకోను. పిసినారి దాచుకోవడానికి దాస్తాడు. ఈయన లెక్క తప్పకూడదని దాస్తారు. ఆ తేడా తెలియడానికి గోడకి ఇవతల ఇరవై రెండేళ్లు కాపురం చేశాను. ఆయన మా ఆయనకి సొంత అన్న. ఉన్న ఒక్క ఇంటినీ మధ్యలో గోడ కట్టి రెండు వాటాలు చేసుకున్నాం.

ఆయన ఉద్యోగం కరెంటు మీటర్లు చూడటం. భుజానికి సంచీ, చేతిలో మిషను, రోజుకి నూట యాభై గడపలు. "మీటరుకి మొహమాటం ఉండదమ్మా" అని మాటిమాటికీ అనేవారు. ఇంట్లో ఆయనకీ ఉండదు. జీతం రాగానే దేనికెంతో క్యాలెండర్ వెనక రాసేసేవారు: బియ్యానికింత, పాలకింత, బస్సు చార్జీలకింత. సబ్బు అరిగితే ఆ ముక్కని కొత్త సబ్బుకి అతికించాల్సిందే. కరెంటుకి మాత్రం డబ్బులు కాదు, యూనిట్లు రాసేవారు. నెలకి వంద. వంద దాటితే రేటే మారిపోతుంది కదా, దాటనివ్వరు. రోజూ పొద్దున్నే మీటరు చూసి, క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలో అంకె వేశాకే చెప్పులు తొడిగేవారు. అంకె ఎక్కువైతే ఆ రోజు ఇస్త్రీ బంద్, లేకపోతే మిక్సీ బంద్. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమంటారు, ఈ ఇంట్లో ఆ దీపానికే లెక్క అని నేను ఎగతాళి చేస్తే అక్క, అంటే నా తోడికోడలు, కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది.

వాళ్లకి ఒక్కతే కూతురు. నోటికి మూత పడదని పిచ్చుక అని పేరు పెట్టింది నేనే. ఆసుపత్రిలో నర్సు, ఎప్పుడూ రాత్రి డ్యూటీయే. పొద్దున బండి మీద వచ్చి, నాలుగు ముద్దలు తిని, చివరి గదిలో పడుకుంటే మళ్లీ సాయంత్రం నాలుగింటికే లేవడం. ఆ గదికి పైన రేకులు, ఎండకి పెనంలా కాలేది. అందులో ఓ పాత ఫ్యాను కిర్రు కిర్రుమంటూ తిరిగేది. కొత్తది కొంటామంటే వద్దనేది, ఆ చప్పుడు లేకపోతే తనకి కునుకే రాదట.

ఆ ఎండాకాలం ఇరవై ఏడో తారీఖు పొద్దున అంకె తొంభై ఒకటికి వచ్చింది. బావగారు మీటరు కింది ఫ్యూజు పెట్టె తెరిచి, పిల్ల గదికి వెళ్లే ఫ్యూజు పీకి చొక్కా జేబులో వేసుకున్నారు.

"నాలుగు రోజులు ఓర్చుకోలేవా తల్లీ? ఒకటో తారీఖున మళ్లీ పెట్టేస్తాగా."

పిచ్చుక నవ్వేసి సరేనంది. అక్కా ఏమీ అనలేదు. వాళ్ల సంగతి సరే, నేనైనా మా వాటాలో పడుకోవే అన్నానా? ఆ వారం మా ఇంటి నిండా చుట్టాలు. గోడ అవతల అది దొర్లుతున్న మంచం చప్పుడు వినపడుతూనే ఉంది, విని నా పని నేను చేసుకున్నాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు అన్నం దిగదు.

మూడో రోజు పొద్దున డ్యూటీ నుంచి వస్తూ బండి మీదే కునుకు పట్టింది. రోడ్డు పక్కన లారీ ఆగి ఉంది. పిల్ల మరి ఇంటికి రాలేదు.

ఒకటో తారీఖున బావగారు లేచి, అలవాటో, పిచ్చో, మీటరు చూసి క్యాలెండర్‌లో అంకె వేశారు. తొంభై తొమ్మిది. అక్క ఆ అంకె ముందు చాలాసేపు నిలబడింది. ఏడవలేదు, తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. చివరి గది మూసేసింది. ఫ్యూజు మాత్రం ఆయన జేబులోనే ఉండిపోయింది. చొక్కా మార్చినప్పుడల్లా అదీ కొత్త జేబులోకి మారేది.

ఏడాది తిరిగాక ఆ ఇంట్లో యూనిట్లు పెరగడం మొదలైంది. మనిషి తగ్గిన ఇంట్లో తగ్గాలి కదా? డెబ్బై ఎనిమిది ఉన్నది తొంభైకి వచ్చింది, అక్కణ్ణించి తొంభై ఏడుకి. ఆయన అక్కని అడిగితే నాకేం తెలుసంది. ఆఖరికి మా వాటాలోకి దొంగవైరు ఏమైనా పోయిందేమోనని నన్నే అనుమానించారు. నాకు ఒళ్లు మండిపోయింది. వచ్చి గోడంతా తడుముకోండి అని కడిగేశాను. నిజంగానే వచ్చి తడిమారు. ఏమీ దొరకలేదు.

తర్వాత ఓ సాయంత్రం మా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. పొద్దునా సాయంత్రం రెండు పూటలా రాసి చూశారట. పెరుగుతున్నదంతా తను లేనప్పుడేనట.

"ఆ గదికి ఫ్యూజు లేదమ్మా. ఇదిగో, నా దగ్గరే ఉంది" అని జేబులోంచి తీసి చూపించారు.

మధ్యాహ్నం పూట గోడ అవతల ఆ కిర్రు కిర్రు నాకూ వినపడుతోంది. నా బుర్రలోదే అనుకుని ఎవరికీ చెప్పలేదు. అప్పుడూ చెప్పలేదు.

మర్నాడు పన్నెండింటికి ఆయన పని మధ్యలో వచ్చేశారు. తోడు రమ్మని నన్ను పిలిచారు. వెళ్లి చూస్తే, కరెంటు కాలుతున్నట్టు మీటరు మీద ఎర్రదీపం కొట్టుకుంటోంది. ముందు గదిలో, వంటింట్లో అన్నీ ఆపేసే ఉన్నాయి. చివరి గది తలుపు తోశారు.

ఫ్యాను తిరుగుతోంది. ఖాళీ మంచం మీద ఉతికిన దుప్పటి పరిచి ఉంది, దిండు సర్ది ఉంది. అక్క కింద కూర్చుని మంచం పట్టీ మీద చెయ్యి వేసి ఉంది. మమ్మల్ని చూసి పెదాల మీద వేలు పెట్టింది.

"ఇప్పుడే పడుకుంది."

ఎవరని ఆయన అడగలేదు. అక్కే లేచి గుమ్మం దాకా వచ్చి, గొంతు తగ్గించి చెప్పింది.

"కూరల డబ్బుల్లో మిగిల్చి ఫ్యూజు కొన్నాను. మీ లెక్కలో రాయలేదు. మీరుంటే అది రాదు, మళ్లీ పీకేస్తారని భయం. అందుకే మీరు వెళ్లాక పెడతాను."

బావగారు వెనక్కి తిరిగి ఫ్యూజు పెట్టె దగ్గరికి నడిచారు. ఆ ఫ్యాను గనక ఆగితే అక్క ఇక మనిషిగా మిగలదని నాకు తెలుసు. అడ్డం పడదామనుకునేలోపే ఆయన పెట్టె మూత తెరిచారు. ఊళ్లోవాళ్ల మీటర్లన్నీ చూసిన మనిషి, ఏడాదికి పైగా తన ఇంట్లో ఆ ఒక్క మూత తెరవలేకపోయారు. లోపల కొత్త ఫ్యూజు వంకరగా ఉంది. అక్కకేం తెలుసు పాపం, పైపైన తోసింది. ఆయన బొటనవేలితో నొక్కి సరిగ్గా కూర్చోబెట్టి, చప్పుడు కాకుండా మూత వేశారు. చెప్పులు చేత్తో పట్టుకుని వీధిలోకి వెళ్లాకే తొడుక్కున్నారు.

ఆ నెల నూట ఎనిమిది. క్యాలెండర్‌లో ఆయనే రాశారు. పెరిగిన బిల్లుకి ఎక్కడో కొయ్యాలి కదా, తన బస్సు చార్జీలు కొట్టేసి నడక మొదలుపెట్టారు, టీ మానేశారు.

పోయిన ఏడు రిటైరయ్యారు. ఇక ఇంటిపట్టునే ఉంటారనుకున్నాం. మర్నాడు పొద్దున ఎనిమిదికల్లా అదే సంచీ భుజాన వేసుకుని బయల్దేరారు. ఇప్పటికీ అంతే.

మొన్న నేను బజారు నుంచి వస్తుంటే కరెంటాఫీసు గోడ పక్కన, ఎండలో, మెట్టు మీద కూర్చుని కనిపించారు. చొక్కా చెమటకి వీపుకి అతుక్కుపోయింది. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. వడదెబ్బ తగిలి పోదామనా, లేవండి, మా వాటాలోనన్నా కాసేపు నడుం వాల్చండి అని గట్టిగానే అరిచాను.

ఆయన గడియారం చూసుకున్నారు.

"ఇంకా రెండే అయిందమ్మా. అది నాలుగింటికి గానీ లేవదు. గోడ అవతల నా దగ్గు వినపడితే చాలు, లేచి వెళ్లిపోతుంది."