శంకరమ్మ కారు దిగిన రోజు

ఎండలో నిలబెట్టిన కారు తలుపు తీయగానే కాలిన రెక్సిను వాసన గుప్పున కొడుతుంది. మా మనవరాలికి ఆ వాసన పడదు, ముక్కు మూసుకుని గబగబా అద్దాలు దించుతుంది. నాకు మాత్రం ఆ వాసన తగిలిన ప్రతిసారీ మెడ చుట్టూ బరువు తెలుస్తుంది. రెండు చేతులు, వాటి గాజులు, చెవి పక్కనే ఒక ఆయాసం. ఆ చేతులు శంకరమ్మవి. ఆమె పోయి చాలా ఏళ్ళయింది. మీరెవరూ ఆమెను చూసి ఉండరు కాబట్టి మొదటి నుంచీ చెప్పాలి.

ఆదోనిలో పత్తి వ్యాపారం చేసే ఒక సావుకారి భార్య ఆమె. కీళ్ళవాతంతో మోకాళ్ళూ తుంటీ బిగుసుకుపోయి, నలభై దాటకముందే మంచం పట్టింది. నేను ఊరి బయట పేటలో ఉండే క్రైస్తవుల పిల్లను, పేరు మార్త. జిన్నింగు మిల్లులో పత్తి మూటలు మోసేదాన్ని, ఇరవై ఏళ్ళకే దుక్కలా ఉండేదాన్ని. సావుకారు నన్ను పనిలో పెట్టుకున్నది అందుకే. ఆమెను కారు ఎక్కించాలి, దించాలి. డ్రైవరు ఖాజన్న మగవాడు, ముట్టుకోకూడదు. ఇంటి ఆడవాళ్ళు ఇద్దరు కలిస్తే గాని ఆమె లేవదు, ఆ బుడ్డ కారు తలుపు దగ్గరేమో ఇద్దరు పట్టరు. మరి నేను ముట్టుకుంటే మైల కదా అంటారా? దానికీ ఒక ఏర్పాటు చేసుకున్నారు మహానుభావులు. కారు నుంచి గడప దాకా ఆమె నాది. గడప బయట కుర్చీలో కూర్చోబెట్టి నేను తప్పుకోవాలి. వంటమ్మ చెంబుతో నీళ్ళు చల్లితే, అప్పుడు ఇంటివాళ్ళు కుర్చీతో సహా లోపలికి ఎత్తుకుపోతారు. నేను మిల్లు కూలి కంటే నాలుగు డబ్బులు ఎక్కువొస్తాయని ఒప్పుకున్నాను.

ఆ కారుకు రెండే తలుపులు. ఆడవాళ్ళు వెనకే కూర్చోవాలి, వెనక్కి పోవాలంటే ముందు సీటు మడిచి ఆ సందులోంచి వంగి దూరాలి. మోకాలు వంగని మనిషి ఎట్లా దూరుతుంది? మొదటిరోజు నేను ఆమె చంకల కింద చేతులు వేసి లాగాను. ఆమె పెట్టిన కేక వీధి చివరికి వినబడింది. అయినా నన్ను తిట్టకుండా నెమ్మదిగా అంది.

“నేనేమన్నా పత్తి మూటనా మే? లాగద్దు. నువ్వు గట్టిగా నిలబడు సాలు. మెడ ఇయ్యి, నేనే ఏలాడతా.”

తర్వాత భర్త వైపు తిరిగి, ఇక ముందు సీట్లోనే కూర్చుంటానని చెప్పింది.

“ఖాజా పక్కనా!” అన్నాడు సావుకారు.

“వాని పక్కన కాదు, కిటికీ పక్కన.”

ఖాజన్న నవ్వు ఆపుకోలేక రోడ్డు వైపు తిరిగాడు. ఆ ఇంట్లో నేను విన్న సరదా మాట అదొక్కటే.

ఆ రోజు నుంచీ అదే పద్ధతి. ముందు వీపు లోపలికి పెట్టి కూర్చుంటుంది, అప్పుడు నేను రెండు కాళ్ళూ కలిపి లోపలికి తిప్పుతాను. దిగేటప్పుడు ముందు పాదాలు నేల మీద ఆనాలి, తర్వాత చేతులు నా మెడ మీదికి రావాలి. కారు ఎక్కడికీ పోని రోజుల్లో కూడా వాకిట్లో ఎక్కి దిగేది. చెమటలు కారేవి, పెదవి కొరుక్కునేది. ఎందుకమ్మా ఈ అగచాట్లు అని ఒకరోజు అడిగాను. కూతురు గౌరిని ఎమ్మిగనూరులో ఇచ్చారు. మొదటి కాన్పు పుట్టింట్లో జరగాలి కదా, పంపించమని వీళ్ళడిగితే వియ్యపురాలు వల్లకాదు పొమ్మందట. మంచం దిగలేని తల్లి పురుడేం పోస్తుంది అందట, అదీ నలుగురిలో.

“వాళ్ళ వాకిట్లో నా కాళ్ళ మీద దిగల్ల మార్తా. నా బిడ్డ దగ్గర కూసోవల్ల. అంతే నాకు,” అంది.

ఆమె అనుకున్నట్టు జరగలేదు. బిడ్డ దక్కలేదనీ, గౌరికి జ్వరం దిగడం లేదనీ కబురొచ్చింది. సావుకారు బేరం మీద పోయి ఊళ్ళో లేడు. ఆమె ఎవరినీ అడక్కుండా ఖాజన్నను కారు తీయమంది. ఎమ్మిగనూరులో ఆ ఇంటి ముందు ఆమె దిగినట్టు అంతకు ముందెప్పుడూ దిగలేదు. పాదాలు ఆన్చింది, మెడ పట్టుకుంది, ఒక్క మూలుగు లేకుండా లేచి నిలబడింది. వియ్యపురాలు గడపలో నిలబడి ఉంది.

“నువ్వు రామ్మా. ఆ పిల్లను ఆడనే ఉండమను. లోపల బాలింత ఉండాది.”

“అది లేకుంటే నేను అడుగెయ్యలేనక్కా. మీ ఆడోళ్ళు ఎవరన్నా సెయ్యి ఇయ్యండి.”

“నిన్ను అది ముట్టుకున్యాది కదా. నిన్ను పట్టుకుంటే మేమంతా మళ్ళా నీళ్ళు పోసుకోవల్ల.”

శంకరమ్మ నా మొహం చూసింది. “నన్ను దించు మే,” అంది.

“యాడికమ్మా?”

“నేల మీదికి.”

దించాను. మోకాళ్ళు వంగవు కాబట్టి కాళ్ళు బారజాపి, అరచేతులు వెనక ఆన్చి, ఆ పెద్ద బండల వాకిలంతా వెనక్కి జరుగుతూ పోయింది. వెనక్కి పోతోంది కాబట్టి మొహం నా వైపే ఉంది. గడప దగ్గర ఎవరో ఆమె నెత్తిన చెంబెడు నీళ్ళు పోశారు. అప్పుడు కూడా ఆమె కళ్ళు నా మీద నుంచి కదల్లేదు. ఆ వాకిలి ఇప్పటికీ నా కళ్ళల్లోనే ఉంది.

పొద్దు వాలాక బయటికొచ్చింది. అరచేతులు చెక్కుకుపోయి ఉన్నాయి, చీర మట్టిగొట్టుకుపోయింది. కారెక్కాక, “పలికింది మే. అమ్మా అనింది,” అని ఒక్క మాట చెప్పింది.

ఆదోనిలో గడప బయట కుర్చీ వేసే ఉంది. చెంబు పట్టుకుని వంటమ్మా ఉంది. అలవాటు ప్రకారం ఆగాను. మెడ చుట్టూ చేతులు వదల్లేదు.

“నడు.”

“అమ్మా, గడప.”

“సూసినాలే గడపలు. నడు.”

వంటమ్మ చేతిలో చెంబు చేతిలోనే ఉండిపోయింది. నేను ఆ ఇంటి నడవలోంచి, దేవుడి గది పక్క నుంచి నడిచి ఆమెను మంచం మీద పడుకోబెట్టాను. నా చెంప నిమిరి, “పడిపోకుండా తెచ్చినావు,” అంది. నాకు ఏడుపొచ్చింది. సావుకారు తిరిగొచ్చి సంగతి విన్నాడు, మరునాడే నన్ను మాన్పించాడు. మళ్ళీ మిల్లుకు పోయాను.

వారం తిరక్కముందే గౌరి చనిపోయింది. ఆ సంగతి ఖాజన్న మిల్లు గేటు దగ్గరికొచ్చి చెప్పాడు, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని.

“కడసారి సూపుకు అందరూ వేరే బండ్లలో పోయినారు. ఆమెకని కారు తలుపు తీసి పెట్టినా, పొద్దు గుంకేదాకా తీసే పెట్టినా. గడపలో కుర్చీలో కూసోని ‘మార్తను పిలవండి’ అని ఒకటే మాట. పిల్సుకొస్తానంటే సావుకారు కళ్ళెర్రజేసినాడు మార్తా.”

మా మిల్లుకూ వాళ్ళ ఇంటికీ మధ్య రెండు సందులు. ఆమె అట్లా పిలిచిన రోజంతా నేను ఏమీ తెలియక మూటలు మోస్తూనే ఉన్నాను. శంకరమ్మ మళ్ళీ కారెక్కలేదు. ఆమె పోయాక దాన్ని ఎవరికో అమ్మేశారు.

తర్వాత నేను ఆసుపత్రిలో ఆయాగా చేరాను. ఎంతమందిని దించానో, ఎంతమందిని ఎక్కించానో, ఒక్కరినీ లాగలేదు. ఇప్పుడు నా మోకాళ్ళే అరిగిపోయాయి. మనవరాలు కారు తలుపు దగ్గర నిలబడి మెడ ఇస్తే నేను వేలాడి దిగుతాను, నేను నేర్పిందే. అయినా బస్టాండులో గానీ ఆసుపత్రి ముందు గానీ ఎవరైనా బండి దిగలేక తిప్పలు పడుతుంటే నా కాళ్ళు ఆగవు. పిలిచేదాకా ఉండను.

“నిన్నెవరు పిలిచినారవ్వా? నీకే మోకాళ్ళు లేవు,” అని విసుక్కుంటుంది మనవరాలు.

మెడ ఉంది కదే, అంటాను.