నా యాప్‌లో నాకే చోటు లేదు

మా హాస్టల్ వైఫైలో పాఠాలు వస్తాయి, ఆటలు రావు. మెస్‌లో టీవీ ఉంది గానీ, శనివారం మధ్యాహ్నం దాని ముందు క్రికెట్ తప్ప ఇంకో ఆట పేరెత్తితే చంపేస్తారు. అందుకని తిరువళ్ళూరు పక్కనున్న మా కాలేజీలో నేను ఏ ఆట చూడాలన్నా సొంత డేటాతో, మిద్దె మీద నీళ్ల ట్యాంకు నీడలో కూర్చుని చూసేదాన్ని.

ఆ శనివారం మా చెల్లెలి ఆట. తిరుత్తణి దగ్గర మా ఊరి బడి నుంచి జిల్లా జట్టుకు, అక్కడి నుంచి ఏకంగా రాష్ట్ర బాలికల కబడ్డీ ఫైనల్‌కు ఎక్కేసింది మహాతల్లి. దానికి ఆట నేర్పింది నేనే, మా కల్లంలో, మోకాళ్లు చీరుకుపోయేలా. అప్పట్లో ఎడమ చెవి పట్టుకుంటే ‘ఇప్పుడు చూడు నా తడాఖా’ అని మాకు గుర్తు. అది మా ఇద్దరికే తెలుసు.

ముందురోజు ఫోన్ చేసింది. “అక్కా, రేపు లైవ్ వేస్తారంట. ఆట ముగిసే ముందర కడా రైడుకు పోతే కెమెరా పక్క చూసి చెవి పట్టుకుంటా. నువ్వు చూడల్ల.”

“చూడకుండా యాడికి పోతానే,” అన్నాను.

యాప్‌కు డబ్బు కట్టింది నేను. ఒకేసారి మూడు ఫోన్లలో మాత్రమే చూడనిస్తుంది. ఇంట్లో ఒక్క ఫోన్ బియ్యం డబ్బాకు ఆనించి అందరూ చూడండని చెప్పి చెప్పి నా నోరు పడిపోయింది. “సెరి సెరి,” అనింది అమ్మ.

తీరా ఆట మొదలయ్యాక తెరిస్తే, ఈ ఖాతాలో ఇప్పటికే ముగ్గురు చూస్తున్నారు, తర్వాత రమ్మంటుంది! ఒళ్లు మండిపోయింది. అమ్మకు ఫోన్ చేశాను. కట్ చేసింది. నాయనకు చేశాను. ఆయనా కట్ చేశాడు. మా ఇంట్లోనే ఉండే అమ్మ తమ్ముడు, మామ మాత్రం చివరికి ఎత్తాడు, అదీ నా మీద విసుక్కోవడానికి.

“ఏం పాపా, ఊరికే ఫోన్ చేస్తా ఉండావు? నువ్వు చేసినప్పుడల్లా ఆట నిలిచిపోతా ఉండాది!”

“మామా, ముగ్గురూ మూడు ఫోన్లు పెట్టుకున్నారా?”

“అవును మరి. ఒగరికి ఫోన్ వస్తే ఇంకొగరిది ఆడతా ఉంటుంది గదా. ఐడియా నాదే.”

“ఒకటి ఆపండి మామా, నీకు దండం పెడతా! నాకు రావడం లేదు!”

“ఇరు పాపా, ఉండు. మన బిడ్డ రైడుకు పోతా ఉండాది.” కట్.

అందరినీ ఖాతాలోంచి బయటికి తోసేద్దామంటే ఓటీపీ కావాలి. అది పోయేది మామ నంబరుకే. ఖాతా తెరిచిన రోజు నా ఫోన్ రిపేరులో ఉండింది, నా ఖర్మ. మళ్లీ చేస్తే ఈసారి మామ కూడా మోగీ మోగకముందే కట్. యాప్‌లో ‘మళ్లీ ప్రయత్నించండి’ అనే మీట నొక్కి నొక్కి నా బొటనవేలు నొప్పెట్టింది. బట్టలు ఆరేయడానికి వచ్చిన నా రూమ్మేటు, తర్వాత హైలైట్స్ చూసుకోలే అని ఓదార్చింది. బడిపిల్లల కబడ్డీకి హైలైట్స్ ఎవరు వేస్తారు, దాని మొహం!

అప్పుడు అమ్మే ఫోన్ చేసింది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు.

“మే, గెలిచినారు మే! కడా రైడు మన పాపదే! ఇద్దర్ని కొట్టేసి వచ్చింది.” అని, గొంతు తగ్గించింది. “గానీ ఒగటి మే. దానికి ముందు కెమెరా పక్క తిరిగి చెవి పట్టుకొని నిలబడింది. దెబ్బేమన్నా తగిలిందేమో. మీ నాయనా, మామా గూడా చూసినారు. ఏమైందో నువ్వు కనుక్కో.”

“ఏ చెవి మా?”

“ఎడం చెవి.”

ముగ్గురూ చూశారు, మూడు ఫోన్లలో. వాళ్లను తిట్టాలని దాచుకున్న తిట్లన్నీ మరిచిపోయాను. ఇంతలో చెల్లెలు ఫోన్ చేసింది. వెనక ఒకటే గోల, ఈలలు.

“అక్కా, చూసినావా?”

“ఎడం చెవి కదే,” అన్నాను.

“చూసినావు! నువ్వు చూస్తా ఉండావనే అక్కా, భయం లేకుండా పోయినా,” అనింది.

అది పెట్టేశాక, అలవాటు కొద్దీ ఆ మీట మళ్లీ నొక్కాను. ఈసారి యాప్ టక్కున తెరుచుకుంది. ఆటగాళ్లు ఎవరూ లేరు. ఇద్దరు మనుషులు మ్యాట్లు చుట్టేస్తున్నారు.