కాగితం వెనకవైపు

అమెరికా కొండల్లోని కార్బెట్ కౌంటీ అనే చిన్న జిల్లా కోర్టులో ఓపల్ రాట్‌లిఫ్‌కి జీతమిచ్చేవాళ్ళు ఎవరూ లేరు. అయినా ఆమె రాని రోజున గుమాస్తాలకి ఏదో వెలితిగా ఉంటుంది. గుమ్మం దగ్గర కాపలా పోలీసు ఆమె సంచీ సోదా చేయడం మానేసి పదేళ్ళయింది. అందులో ఏముంటుందో ఆయనకి కంఠతా వచ్చు: కళ్ళజోళ్ళు రెండు, మోకాళ్ళకి రాసుకునే మందు, మైనపు కాగితంలో చుట్టిన మొక్కజొన్న రొట్టె. అరవై మూడేళ్ళ మనిషి. భర్త పోయాడు, పిల్లలు లేరు. కోర్టుకి సెలవులొస్తే ఏం చేయాలో తోచక ఇంట్లో కిటికీలన్నీ కడుగుతుంది.

ఆమె పని పేర్లు వెతకడం. ఎక్కడో నగరంలో ఉన్న ఒక కంపెనీ పొద్దున్నే జాబితా పంపుతుంది. ఫలానా మనిషిని ఉద్యోగంలోకి తీసుకోబోతున్నారు, మీ కౌంటీలో అతని మీద క్రిమినల్ కేసులేమైనా ఉన్నాయేమో చూడమని. సాయంత్రం ఐదులోపు జవాబు వెళ్ళిపోవాలి. ఈ పని ఇక్కడ ఇరవై ఏళ్ళుగా ఓపల్ ఒక్కతే చేస్తోంది. రెండో మనిషికి సరిపడేంత పని ఈ కొండల్లో లేదు.

అంతకు ముందు ఎనిమిదేళ్ళు ఇదే కోర్టులో గుమాస్తాగా చేసింది. అందుకే పేరొక్కటి పట్టుకుని కౌంటరు దగ్గరికొచ్చే జనాన్ని చూస్తే ఆమెకి ఒళ్ళు మంట. ఈ కౌంటీలో క్రైడర్ అని ఇంటిపేరు పెట్టి కేకేస్తే పదిమంది తిరిగి చూస్తారు, అందులో ముగ్గురు నిజంగానే దొంగలు. పుట్టిన తేదీ కావాలి. ఆ తర్వాత ఏ కోర్టో తెలియాలి. చిన్న కేసులు కింది అంతస్తులో, జైలుకి పంపే కేసులు పై అంతస్తులో. పెద్ద నేరమైనా మొదట కింద నమోదై, నిలబడితేనే పైకి వెళుతుంది. పైన ఒక్కచోటే చూసి ‘ఏమీ లేదు’ అని చెప్పేవాడూ, కింద ఒక్కచోటే చూసి ‘అమ్మో ఉంది’ అని చెప్పేవాడూ ఇద్దరూ తెలివితక్కువ వాళ్ళే. కంప్యూటర్లో దొరికేది కేసు నంబరు మాత్రమే. అసలు కేసు కాగితంలో ఉంటుంది. కాగితం నేలమాళిగలో ఉంటుంది. నేలమాళిగ తాళం మంగళవారం, గురువారం మాత్రమే తీస్తారు. ఇదంతా ఓపల్ కొత్త లాయర్లకి కూడా పాఠం చెప్పినట్టు చెబుతుంది, వాళ్ళు అడగకపోయినా.

తన గురించి ఆమెకి ఒక గర్వం ఉంది. “నేను ఎవరికీ తీర్పు చెప్పను. అక్కడ ఉన్నది ఉన్నట్టు రాస్తాను,” అంటుంది. ఇరవై ఏళ్ళలో ఒక్క తప్పు కూడా తిరిగి రాలేదని చెప్పుకుంటుంది. తప్పు తిరిగి వచ్చే దారి ఏదీ లేదన్న సంగతి ఆమెకెప్పుడూ తట్టలేదు.

ఆగస్టులో ఒక బుధవారం పొద్దున, జనం వాడుకునే కంప్యూటర్ ముందు ఒక మనిషి కూర్చుని చూపుడువేలితో అక్షరాలు పొడుస్తున్నాడు. నలభై అయిదేళ్ళుంటాయి. ఇస్త్రీ చొక్కా, కొత్తగా కత్తిరించుకున్న జుట్టు. ఓపల్ వెనక నిలబడి అయిదు నిమిషాలు ఓపిక పట్టింది. అది ఆమెకి చాలా ఎక్కువ.

“ఇంటిపేరు ముందు కొట్టాలి బాబూ. నువ్వట్లా పొడుస్తుంటే నా జాబితా రేపటికి కూడా అవదు.”

అతను కంగారుగా లేచి నిలబడ్డాడు. “క్షమించండి మేడమ్. మీరు కూర్చోండి. నాకిది ఎలా చూడాలో తెలీడం లేదు.”

“ఎవరిది చూస్తున్నావ్?”

“నాదేనండి. వెండెల్ క్రైడర్.”

తన కేసు తానే వెతుక్కునేవాళ్ళు తక్కువ. ఓపల్ కుర్చీలో కూర్చుంది. “పుట్టిన తేదీ చెప్పు. ఏం కేసు, ఏ ఏడు?”

“ఎనభై ఏడు. నాకు పంతొమ్మిదేళ్ళు. మా బాబాయి ట్రక్కు అడిగి తీసుకెళ్ళాను. మా పిన్నికి ఆ సంగతి తెలీక పోలీసులకి ఫోన్ చేసింది. మర్నాడు బాబాయే కోర్టుకొచ్చి, నేనే ఇచ్చానని చెప్పాడు. జడ్జి గారు కొట్టేశారు. ఇక ఇంటికి పొమ్మన్నారు. అయిపోయిందనుకున్నాను.”

“కొట్టేస్తే రికార్డు కూడా పోతుందనుకున్నావా?”

“పోదా?”

“పోదు నాయనా. దానికి వేరే అర్జీ పెట్టుకోవాలి. ఈ ఊళ్ళో సగం మందికి ఆ సంగతి తెలీదు. మిగతా సగం మంది లాయర్లు.”

అతను నవ్వలేదు. బడి బస్సు నడిపే ఉద్యోగం వచ్చిందట. పరీక్షలన్నీ అయ్యాయి, ఏ పిల్లలు ఎక్కడెక్కడ ఎక్కుతారో దారి కూడా చూపించారు. నిన్న సాయంత్రం పిలిచి ఒక కాగితం చేతిలో పెట్టారు. ట్రక్కు దొంగతనం నేరం, తీర్పు దొరకలేదు అని ఉంది అందులో. కేసు ఏమైందో కోర్టు సీలుతో నకలు తేవాలి, ఈ రోజు సాయంత్రం నాలుగింటిలోపు. తేకపోతే బస్సు జాబితాలో తర్వాతి మనిషికి వెళుతుంది.

ఓపల్ తెరమీద కేసు తీసింది. నేరం ఉంది, తేదీ ఉంది, నంబరు ఉంది. తీర్పు అని ఉన్నచోట ఖాళీ.

“ఇదిగో వాళ్ళిచ్చిన కాగితం కూడా అదే అంటోంది,” అని అతను మడిచిన రిపోర్టు చేతికిచ్చాడు.

ఓపల్ కళ్ళజోడు పెట్టుకుని చదివింది. అట్టడుగున చిన్న అక్షరాల్లో వెతికిన మనిషి నంబరు ఉంది. నాలుగు అంకెలు. ఆ అంకెలు ఆమె రోజుకి ఇరవై సార్లు కొడుతుంది.

పైన తేదీ చూసింది, రెండు వారాల కిందటిది. జాబితాలో ముప్ఫై ఒక్క పేర్లున్న రోజు. ఈ పేరు గుర్తు కూడా లేదు.

“ఇక్కడ కూర్చో. ఎక్కడికీ పోకు,” అంది. ఆ నంబరు సంగతి చెప్పలేదు.

కౌంటరు వెనక గ్లెండా ఉంది. ఓపల్ గుమాస్తాగా ఉన్నప్పుడు చేరిన పిల్ల, ఇప్పుడు మనవలున్నారు. “గ్లెండా, నేలమాళిగ తాళం కావాలి.”

“ఈ రోజు బుధవారం, మిస్ ఓపల్.”

“నాకు తెలుసు ఏ వారమో.”

“నాలుగేళ్ళ కిందట మా వారి మేనల్లుడు శుక్రవారం నాడు అడిగితే, కోర్టంటే కిరాణా కొట్టనుకున్నావా అని నా ఎదురుగానే మీరే తిట్టి పంపారు. గుర్తుందా?”

“ఉంది. ఇప్పుడు నన్ను తిట్టు. తిట్టి తాళం ఇవ్వు.”

గ్లెండా ఆమె ముఖం చూసింది. తాళం తీసుకుని తానే ముందు నడిచింది.

మెట్లు పద్దెనిమిది. ఓపల్ మోకాళ్ళు ఒక్కో మెట్టుకీ మూలిగాయి. కింద తడివాసన, ఇనుప అరలు, అట్టపెట్టెలు. ఎనభై ఏడు నాటి పెట్టెలు గోడవారన ఉన్నాయి. పెట్టెల మీద రాసిన అక్షరాలు కొన్ని ఓపల్‌వే, వయసులో ఉన్నప్పటివి, గుండ్రంగా ఉన్నాయి. మూడో పెట్టెలో కేసు దొరికింది. ఒకే ఒక్క కాగితం, వారెంటు. ముందువైపు నేరం, పేరు, తేదీ.

ఓపల్ దాన్ని తిప్పింది.

ఆ రోజుల్లో కింది కోర్టులో టట్‌హిల్ జడ్జి ఉండేవాడు. ఆయన తీర్పులన్నీ వారెంటు వెనకవైపే రాసేవాడు, తన చేత్తో, వంకర అక్షరాలతో. వేరే కాగితం దండగ అనేవాడు. కోర్టులో పనిచేసిన ప్రతివాళ్ళకీ ఆ సంగతి తెలుసు. పదేళ్ళ తర్వాత పాత కేసులు కంప్యూటర్లోకి ఎక్కించడానికి బయటినుంచి వచ్చిన కుర్రాళ్ళకి మాత్రం తెలీదు. పెట్టెకింత డబ్బని ఒప్పుకుని వచ్చినవాళ్ళు, కాగితం ముందువైపు చూసి కొట్టుకుంటూ పోయారు. టట్‌హిల్ జడ్జి కాలం కేసుల్లో తీర్పు ఖాళీగా కనిపిస్తే ఆ ఖాళీకి అర్థం ‘కిందికెళ్ళి చూడు’ అని. ఓపల్‌కి ఆ సంగతి అందరికంటే బాగా తెలుసు. మొదట్లో కిందికెళ్ళి చూసేది కూడా. తర్వాత జాబితాలు పెరిగాయి, మోకాళ్ళు అరిగాయి, తాళం వారానికి రెండు రోజులైంది, కంపెనీకి జవాబు సాయంత్రమే కావాలి. ‘తీర్పు దొరకలేదు’ అని రాయడం మొదలుపెట్టింది. అది అబద్ధం కాదు. ఆమె వెతకలేదు కాబట్టి దొరకలేదు.

వెనకవైపు వంకర అక్షరాల్లో ఉంది: ట్రక్కు యజమాని వచ్చి తానే ఇచ్చానని చెప్పాడు. కేసు కొట్టివేయడమైనది. కింద సంతకం.

“దొరికిందిగా. మరెందుకలా నిలబడిపోయారు?” అంది గ్లెండా.

“ఈ అరలో ఇలాంటివి ఎన్నుంటాయి?”

“వందలు ఉండవూ. ఎందుకు?”

ఓపల్ కాగితం తీసుకుని మెట్లవైపు నడిచింది.

పైకొచ్చేసరికి పదకొండున్నర. గ్లెండా రెండువైపులా నకలు తీసి సీలు గుద్ది ఇచ్చింది. వెండెల్ దాన్ని రెండు చేతులతో పట్టుకుని చదివాడు. మళ్ళీ మొదట్నుంచి చదివాడు. బడి ఆఫీసు ఇరవై నిమిషాల దూరం. అతను లేచి థాంక్స్ చెప్పి వెళ్ళిపోతే అక్కడితో అయిపోయేది. ఓపల్‌కి ఆ ఆశ కలగలేదంటే అబద్ధం. ఒక నిమిషం పాటు ఆమె నోరు కట్టేసుకునే కూర్చుంది. తర్వాత సిగ్గేసింది.

“ఆ రిపోర్టు అడుగున నంబరుంది చూడు. అది నాది. రాసింది నేనే. కిందికెళ్ళి చూడాల్సింది, చూడలేదు.”

వెండెల్ రిపోర్టు తీసి అడుగున చూశాడు. అరుస్తాడనుకుంది. అరిస్తే బాగుండేది.

“మీరు ఎన్నాళ్ళ నుంచి చేస్తున్నారీ పని?”

“ఇరవై ఏళ్ళు.”

“ఇక్కడ మీరు కాక ఇంకెవరైనా చేస్తారా?”

“లేదు. నేనొక్కదాన్నే.”

అతను తలూపాడు. సీలుని వేలితో నిమిరాడు.

“రెండు వేల నాలుగులో కుర్చీల ఫ్యాక్టరీ వాళ్ళు రమ్మన్నారు. వారం తర్వాత వద్దన్నారు. ఎందుకో చెప్పలేదు. తొమ్మిదిలో ముసలివాళ్ళ ఆశ్రమంలో వ్యాన్ నడపడానికి. అదీ అంతే. వీళ్ళొక్కళ్ళే కాగితం చేతికిచ్చారు.”

ఓపల్ లెక్క కట్టాల్సిన పని లేదు. రెండుసార్లూ ఆ పేరు తన చేతిమీదుగానే వెళ్ళి ఉంటుంది. రెండుసార్లూ సాయంత్రం ఐదులోపే వెళ్ళి ఉంటుంది.

“నేను ఈ రోజే సవరణ పంపుతాను. కంపెనీ వాళ్ళు ఇక ముందు ఎవరడిగినా సరిగ్గా చెబుతారు. నువ్వు నకలు చేత్తో తీసుకెళ్ళి బడి వాళ్ళకివ్వు, వాళ్ళ రసీదు తీసుకో.” ఆమె రిపోర్టు మీది కేసు నంబరు రాసుకుంది. “ఇంకేమైనా కావాలా నీకు?”

“ఇంకో నకలు కావాలండి.”

“ఎందుకు? బడికి ఒకటి చాలు.”

“నియోమాకి.” అతను కౌంటరు వైపు చూస్తూ చెప్పాడు. “మా ఆవిడ. అంటే, అప్పట్లో. రెండోసారి వ్యాన్ ఉద్యోగం పోయినప్పుడు అడిగింది, నీ గురించి నాకు చెప్పనిదేదో ఉంది, లేకపోతే ఇలా ఊరికే ఎందుకు పొమ్మంటారు, ఏం చేశావో చెప్పు అని. నేనేం చేశానో నాకే తెలీదు, ఏం చెప్పను? ట్రక్కు సంగతి అయిపోయిందనుకున్నానాయె, దాని మాటే గుర్తు రాలేదు. ఆర్నెల్లు అడిగింది. తర్వాత అడగడం మానేసింది. తర్వాత వాళ్ళక్క దగ్గరికి వెళ్ళిపోయింది.”

ఓపల్ గ్లెండావైపు చూసింది.

“మళ్ళీ రమ్మని కాదండి. ఆవిడకి వేరే పెళ్ళయింది, మంచివాడే. తెలియాలి, అంతే.”

గ్లెండా అడక్కుండానే ఇంకో నకలు తీసి సీలు గుద్దింది. వెండెల్ దాన్ని చూసి తటపటాయించాడు. “ఇది చూస్తే ఆమెకి కేసు కొట్టేశారని తెలుస్తుంది. ఇన్నాళ్ళూ ఎందుకలా జరిగిందో తెలీదు. మీకు కష్టం కాకపోతే, నాలుగు ముక్కలు మీ చేత్తో రాసివ్వగలరా? నేను చెబితే నమ్మదు.”

గోడ గడియారం పన్నెండు దాటింది. కంపెనీ జాబితాలో ఇరవై రెండు పేర్లు ఇంకా మిగిలే ఉన్నాయి. ఓపల్ గ్లెండాని తెల్ల కాగితం అడిగింది. ఇరవై ఏళ్ళుగా మనుషుల గురించి ‘ఉంది’, ‘లేదు’, ‘దొరకలేదు’ అనే మూడు మాటలు తప్ప ఇంకేమీ రాయలేదు. ఎలా మొదలుపెట్టాలో తెలీక కాసేపు పెన్ను పట్టుకుని కూర్చుంది. వెండెల్ తొందరపెట్టలేదు.

చివరికి రాసింది. “అమ్మా నియోమా, నీకు నేను తెలీదు. వెండెల్ నీ దగ్గర ఏమీ దాచలేదు. అతని మీద అనుమానం పుట్టించిన కాగితాలు రాసింది నేను. పద్దెనిమిది మెట్లు దిగడానికి బద్ధకించి రాశాను. నీకు కోపం వస్తే నా చిరునామా కింద ఉంది.”

సంతకం పెట్టి, చిరునామా రాసి, ఇచ్చింది.