హార్ప్‌ను నా వెనక కూర్చోబెట్టిన రోజు

ఆ రోజుల్లో నా గొంతు మీద నాకున్న నమ్మకం మా అమ్మకు కూడా ఉండేది కాదు. మెల్‌బోర్న్‌లో ఉద్యోగంలో చేరి ఏడాది తిరక్కుండానే, ఊరి శివారు టార్నీట్‌లో మనవాళ్ల తెలుగు సంఘం ఉగాది సభలో పాడే అవకాశం సంపాదించాను. (సంపాదించడమంటే, సంఘం సెక్రటరీ అంకుల్ ఇంటికి నాలుగు వారాలు వరసగా వెళ్లి టీ తాగడం.) "బాబూ, ఇది క్లిక్ అయితే దసరాకి ఫుల్ అవర్ నీదే. లేదంటే మళ్లీ అడగొద్దు మరి," అన్నారాయన. ఆ గంట కోసం నేను చేసిన సాధనకు మా రూమ్మేట్ ఇల్లు మారతానన్నాడు.

తంబూరా వేసేవాళ్లు దొరకలేదు. మా ఆఫీసులో ఒకావిడ హార్ప్ అనే పెద్ద తీగల వాద్యం వాయిస్తుందనీ, జాజ్, సోల్ పాటలు వాయించే బృందాన్ని ముందుండి నడిపించేది ఆవిడేననీ విన్నాను. (వినడమే, ఏనాడూ వెళ్లి చూసిన పాపాన పోలేదు.) అన్ని తీగలున్నది శ్రుతికి కాక మరి దేనికి అనుకుని అడిగేశాను. సభ రోజు నిలువెత్తు వాద్యాన్ని వ్యాన్‌లో తెచ్చింది. కచేరీ మర్యాద తెలిసినవాణ్ణి కదా, మధ్యలో నేను, కుడివైపు మృదంగం అంకుల్, సరిగ్గా నా వెనక ఆవిడ. "స, ప, పై స. అంతే, రిపీట్," అన్నాను. తన నలభై ఏడు తీగలకేసి ఒకసారి చూసుకుని, "నో వర్రీస్, మేట్," అంది.

మోహనలో కీర్తన ఎత్తుకున్నాను. అనుపల్లవి దాకా గట్టెక్కి, ముందు వరసలో సెక్రటరీ అంకుల్ని చూశాను. చరణం ఎగిరిపోయింది. నోరు తెరిస్తే గాలి వచ్చింది. అప్పుడు వెనకనుంచి నా పల్లవే వినిపించింది. ఆఫీసు లంచ్ టైములో నా సాధన రెండుసార్లు విన్నదంతే ఆవిడ! మొదట ఒక్కో స్వరమే పలికించింది, తర్వాత ఎడమచేయి కింది తీగల మీద నడక పట్టింది, కుడిచేయి ఆ పల్లవిని నాకు తెలియని చోట్లన్నీ తిప్పి తెచ్చింది. మృదంగం అంకుల్ "శభాష్!" అంటూ ఆవిడ వైపే తిరిగిపోయారు. ముందు వరసలోంచి ఒక ఆంటీ, "బాబూ, కాస్త పక్కకి జరుగు, ఆ అమ్మాయి కనపడట్లేదు," అంది. జరిగాను. అంత గొప్ప సంగీతాన్ని అంత దగ్గరగా వినడం నాకదే మొదలు. సిగ్గుపడాలన్న సంగతే మరిచిపోయాను.

దసరా గంట ఆవిడకే ఇచ్చారు. "డోంట్ ఫీల్ బ్యాడ్ బాబూ," అని అంకుల్ ఫోన్ చేశారు. ఫీలవుదామనే కూర్చున్నాను, కుదరలేదు. ముందు వరసలో ఒక సీటు ఉంచమన్నాను. ఇప్పుడు జుట్టు నెరుస్తోంది, ఆవిడ బృందం ఎక్కడ వాయించినా వెళ్తున్నాను. పాడమని ఎవరైనా అడిగితే వద్దంటానా? అనను. అడగట్లేదు, అంతే.