మా మామ తలలో నీళ్లు

మా మామ ముప్పై ఏళ్లు బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. కదిలే బస్సులో కడ్డీ పట్టుకోకుండా ముందు తలుపు నుంచి వెనక సీటు దాకా నడుస్తారని సిద్దిపేటలో ఆయనకు పేరు. రాయపోల్ తొవ్వలో గుంతలన్నీ ఆయన కాళ్లకు కంఠస్థం అనేవారు. అలాంటి మనిషి రిటైరైన మూడో ఏడు మా ఇంటి గడప దగ్గర ఆగిపోయారు.

నిజంగానే ఆగిపోయారు. చెయ్యి తలుపు మీద ఉంది, లోపలికి రావాలనే ఉంది, పాదాలు మాత్రం తారులో దిగబడినట్టు లేవవు. కాసేపటికి కదిలినా, నేలను రాసుకుంటూ బెత్తెడు బెత్తెడు అడుగులు. వెనక్కి తిరగాలంటే పది అడుగులు పట్టేది.

అప్పుడు తొంభైలు సగానికొచ్చాయి. ఇంటి ముందు గదిలో నేను ఎస్టీడీ బూత్ నడిపేదాన్ని. మా ఆయన అక్కన్నపేట బడిలో పంతులు, పొద్దున పోతే సాయంత్రానికే వచ్చేవాడు. కాబట్టి మామ నడకకు పగలంతా సాక్షులం నేనూ, అత్తమ్మా.

ఒకరోజు అత్తమ్మ కాలే అన్నం గిన్నెను మసిగుడ్డతో పట్టుకుని వస్తుంటే ఆయన వంటింటి గుమ్మంలో అడ్డంగా నిలబడిపోయారు. చేతులు కాలుతున్నాయి. జరుగుమంటే జరగడం లేదు. అత్తమ్మకు కోపమొచ్చి, "రైట్ రైట్, పోనియ్" అంది. మామ కుడికాలు లేచింది. ఆ వెనకే ఎడమకాలు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

ఆనాటి నుంచి మా ఇంట్లో రోజుకు ఇరవైసార్లు "రైట్ రైట్" వినిపించేది. మూడుసార్లలో ఒకసారి పనిచేసేది. బూత్‌కు మాత్రం నష్టం జరిగింది. ఒకాయన జ్వరంతో మంచం దిగలేకపోతున్నానని అత్తగారింటికి ఫోన్ చేసి దీనంగా చెబుతుండగా లోపలి నుంచి అత్తమ్మ గొంతు ఖంగుమంది. అవతలివాళ్లు "బస్టాండ్ల ఏం జేస్తున్నవ్?" అని అడిగినట్టున్నారు. ఆయన మళ్లీ మా బూత్‌కు రాలేదు.

తర్వాత ఇంకో ఇబ్బంది మొదలైంది. ఒంటేలుకు పోవాలనిపిస్తే క్షణం ఆగలేకపోయేవారు, కాళ్లేమో కదలవు. షుగర్ అనుకుని పరీక్ష చేయిస్తే షుగర్ లేదు. ఒక మధ్యాహ్నం పెరట్లో నల్లా దగ్గర తడిసిన లుంగీని ఆయనే పిండుకుంటూ కనిపించారు. నన్ను చూసి, "నీళ్లు మీద వడ్డయ్ బిడ్డా" అన్నారు.

"ఇటియ్యుండ్రి మామా, బట్టలల్ల ఏస్త" అన్నాను. ఇవ్వలేదు. ఇన్నేళ్లుగా నా ముందు గట్టిగా తుమ్మడానికి కూడా మొహమాటపడే మనిషి.

మతిమరుపు మొదలైంది, మాట కూడా నెమ్మదించింది. "తిన్నరా మామా?" అని అడిగి, బూత్‌లోకి పోయి, ఒకరికి బొంబాయి లైను కలిపి తిరిగొచ్చేసరికి "తిన్న" అనేవారు. ఊరికి ఊరు ఒకటే తీర్పు చెప్పింది. ముసలితనం. మోకాళ్ల డాక్టరు తైలం రాశాడు. అత్తమ్మ మాత్రం జ్ఞాపకం సంగతి సరస్వతమ్మే చూసుకోవాలని వర్గల్ గుడికి తీసుకుపోయింది. నేనూ వెంట పోయాను.

అక్కడ అక్షరాభ్యాసం వరుసలో పిల్లలనెత్తుకుని అందరూ నిలబడ్డారు. మా వంతు వచ్చాక పూజారి చుట్టూ చూసి, "పిల్లగాడేడి?" అన్నాడు.

అత్తమ్మ మామను చూపించింది. "గీయనే."

పూజారి కాదనకుండా బియ్యం పళ్లెం ముందుకు జరిపాడు. మామ వేలితో తాపీగా "ఓం" రాశారు. వెనక నిలబడ్డ చంటిపిల్ల తండ్రి, "మంచిగ రాసిండు" అని మెచ్చుకున్నాడు. మామ చాలా రోజులకు నవ్వారు. కానీ గుడి మెట్లు దిగడానికి అరగంట పట్టింది.

అసలు సంగతి మా బూత్‌లోనే తేలింది. ఊరికి కొత్తగా ఒక యువ డాక్టరు వచ్చాడు. నిశ్చితార్థం అయింది, పిల్లది హైదరాబాదులో ఉంది. రోజూ సాయంత్రం వచ్చి చాలాసేపు మాట్లాడేవాడు. ఒకరోజు మాట్లాడుతూ మాట్లాడుతూ అద్దంలోంచి మామ వెనక్కి తిరగడం చూశాడు. "మళ్ల చేస్త" అని ఫోన్ పెట్టేశాడు. అతను ఫోన్ అంత తొందరగా పెట్టడం అదే మొదటిసారి.

"పెద్దాయనకు ఒంటేలు ఆగుతలేదా?" అని అత్తమ్మను అడిగాడు.

అత్తమ్మ నావైపు అనుమానంగా చూసింది, నేనే చెప్పానేమోనని.

"మతిమరుపు, మాట ఆలస్యం?"

"నీకెవలు చెప్పిన్రు సారూ?"

"నడక చెప్పింది అవ్వా. తలకాయల నీళ్లు ఎక్కువైనట్టున్నయి. అందరి తలల నీళ్లుంటయి. ఊరుతయి, ఇంకుతయి. ఈయనకు ఇంకుడు తగ్గిందేమో. పట్నం తీస్కపోయి స్కానింగ్ చేపియ్యుండ్రి."

హైదరాబాదులో స్కానింగ్ చేస్తే అతను చెప్పినట్టే ఉంది. పెద్ద డాక్టరు నడుములో సూది పెట్టి కొంచెం నీరు తీసి, నడక మారుతుందేమో చూద్దామన్నాడు. నీరు తీసిన మర్నాడు మధ్యాహ్నం నేను ద్రాక్షపండ్లు కడుక్కుని వచ్చేసరికి మంచం ఖాళీగా ఉంది. అత్తమ్మ కునుకు తీస్తోంది. దవాఖానంతా వెతికాం. గేటు బయట బస్‌స్టాప్‌లో దొరికారు. చుట్టూ నలుగురు నిలబడి ఉన్నారు. ఎవరు ఎక్కడ బస్సు మారాలో మామ వాళ్లకు చెబుతున్నారు. అత్తమ్మ అక్కడే రోడ్డు మీద కూర్చుని ఏడ్చింది. మామ ఆమెను లేపి, "గింత దానికి ఏడుస్తరా, చాయ తాగుదాం పా" అన్నారు. మాట ఆలస్యం లేకుండా వచ్చింది.

పరీక్ష ఫలించిందనీ, ఇక ఆపరేషన్ చేసి తల నుంచి కడుపులోకి చర్మం కింద సన్నటి గొట్టం వేస్తామనీ పెద్ద డాక్టరు చెప్పాడు. అందరం తలూపాం. అత్తమ్మకు మాత్రం ఒక సందేహం.

"తలకాయల నీళ్లు కడుపుల వడితే తిన్న బువ్వ ఎట్ల అరుగుతది సారూ? పలసనైతది గద."

"బువ్వ సంచిలకు పోవమ్మా. దాని బయట జాగ ఉంటది, అండ్ల ఇంకుతయి."

ఆమె నమ్మలేదు. ఆ తర్వాత ఏడాది పాటు మామకు చారు పోయలేదు, గట్టిపప్పే పెట్టింది.

ఆపరేషనయ్యాక నెల తిరక్కుండానే మామ కూరగాయల అంగడికి ఒక్కరే పోయివచ్చారు. అది చూసిన వాడకట్టులోని ముసలివాళ్లందరికీ ఒక్కసారిగా తలలో నీళ్లొచ్చాయి. పొద్దున షట్టర్ ఎత్తేసరికి బూత్ ముందు అరుగు మీద నలుగురైదుగురు. ఒకామె తల ఊపి, చప్పుడు వినమని నా చెవి దగ్గర పెట్టింది.

నేను యువ డాక్టరును అడిగాను. "గిది ఎంతమందికి ఉంటది సార్, నిజంగ?"

"లెక్క నాకూ తెల్వదు మేడం. అనుకున్నంత అరుదైతే కాదు. ముసలితనమని ఇంట్లనే కూసోవెడ్తరు, ఎవలూ చూపియ్యరు, ఇగ లెక్కకెట్ల వస్తరు? అట్లని మెల్లగ నడిచినోళ్లందరికీ ఉండదు."

ఆదివారం అరుగు ముందు అందరినీ నడిపించి చూశాడు. మామ పక్కన నిలబడి ఒక్కొక్కరికీ "రైట్ రైట్" చెప్పారు. ఇద్దరివి మోకాళ్లు. ఒకరిది షుగర్. కాళ్లీడుస్తూ వచ్చినాయన తన కొడుకు చెప్పులు వేసుకొచ్చాడు, రెండంగుళాలు పెద్దవి. తల ఊపినామె చెవిలో గుబిలి. నీళ్లు ఒక్కరికీ లేవు. కొందరు నిరాశపడ్డారు కూడా.

ఆ వరుసలో రానిది పక్కింటి చాచీ. ఆమె భర్త చాచా దర్జీ, మామకు పాత దోస్తు. చాచీ ఏడాదిగా మంచం దిగడం తగ్గించింది. మామ ఆ సాయంత్రం చాచాను అడిగారు. "మీ ఆమెను తీస్కరాలేదేంది?"

"ఉస్కో క్యా హై భాయ్, బుఢాపా, ముసలితనం. పండుకుంటది, గంతే" అన్నాడు చాచా.

మామ లేచి వాళ్లింటికి పోయారు. నేనూ పోయాను. చాచీ మా కోసం మంచం దిగి, చాయ పెడతానని లేచి నిలబడింది. నిలబడింది, అంతే. పాదాలు నేలకు అతుక్కున్నాయి. ఏం చెయ్యాలో తెలియక మా వైపు చూసి నవ్వింది. పక్క కింద మడిచి దాచిన తడి దుప్పటి అంచు నాకు కనబడింది. మామకూ కనబడే ఉంటుంది. ఆయన దాని మాటెత్తలేదు. బయటికొచ్చాక చాచా భుజం మీద చెయ్యేసి, "గా నడక నాకెర్కే. రేపు పట్నం పోదాం" అన్నారు.

చాచీకి నీళ్లే. ఆపరేషన్‌కు చాచా వారం రోజులు భయపడ్డాడు. మామ తన తల మీది మచ్చను రోజుకోసారి చూపించి ఒప్పించారు. ఆమెకు మతిమరుపు కొంత మిగిలిపోయింది, అప్పుడప్పుడు నన్ను వేరే ఊళ్లో ఉండే నా తోటికోడలనుకునేది. నడక మాత్రం తిరిగొచ్చింది.

రంజాన్ ముందు చాచా మా బూత్‌లో కూర్చుని మామతో మొత్తుకున్నాడు. ఏడాదిగా కుట్టుమిషను, గుడ్డముక్కలు, కత్తెర్లు ఇల్లంతా తన ఇష్టమొచ్చినట్టు పరుచుకున్నాడట. ఇప్పుడు చాచీ గదిగదికీ తిరిగి అన్నీ వరండాలో పడేసింది.

"మంచిగ నడుస్తుంది గద, ఇంకేంది?" అన్నారు మామ.

"నడుస్తుంది భాయ్" అన్నాడు చాచా. "కానీ నా ఎనకనే నడుస్తుంది."